అన్యేర్ రేవులో ఒక సెలవుపూట

ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సెరా తన ఇరవైనాలుగో ఏట, 1884లో, ఒక పెద్ద తైలవర్ణచిత్రాన్ని పూర్తిచేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఊన్ బెన్యాద్, అన్యేర్’. పారిస్ నగరానికి వాయవ్యాన, సేన్ నది ఒడ్డున ఉన్న శివారు ఊరు అన్యేర్. ఎండ కాసే ఒక పగటిపూట కొందరు యువకులు, బాలురు అక్కడి రేవుకు చేరారు. కొందరు నీళ్ళలోకి దిగారు, కొందరు గడ్డిమీద కూర్చున్నారు, కొందరు నడుం వాల్చారు. చిత్రంలో జరిగేది ఇంతే.

ఈ చిత్రం గురించి రెండు రకాల మాటలు తరచుగా వినబడతాయి. ఇది ప్రశాంతతకు ప్రతిరూపమనీ, నగరపు రణగొణధ్వనికి దూరంగా ప్రకృతి ఒడిలో సేదదీరుతున్న మనుషుల చిత్రమనీ అనేవారు కొందరు. ఇది ఒంటరితనపు చిత్రమనీ, యంత్రయుగం మనిషిని మనిషికి కాకుండా చేసిందనడానికి ఇంతకు మించిన దృష్టాంతం లేదనీ అనేవారు మరికొందరు. ఒకే కాన్వాసు ఇంత పరస్పర విరుద్ధమైన తీర్పులకు తావివ్వడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న విషయం. నాకు తోచిన సమాధానాన్ని చిత్రరచనా పద్ధతి నుంచి కొంత, ఆ నది చరిత్ర నుంచి కొంత, ఆనాటి ఫ్రాన్సు కార్మిక చట్టాల నుంచి కొంత కూడగట్టి ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా చిత్రాన్ని ఎడమనుంచి కుడికి చూద్దాం. ఎడమవైపు నుండి నీటిలోకి ఏటవాలుగా దిగే పచ్చని గట్టు. ముందుభాగంలో గుండ్రటి టోపీ పెట్టుకొని, తెల్లని అంగీ తొడుక్కున్న మనిషి ఒత్తిగిలి పడుకున్నాడు. ఆయన దగ్గరగా ఒక గోధుమరంగు కుక్క. చిత్రానికి నడుమ, నీటి అంచున, చొక్కా లేని కుర్రవాడొకడు వీపు వంచి, కాళ్ళు వేలాడేసుకొని కూర్చున్నాడు. అతని వెనుక విప్పి పెట్టిన బట్టలు, బూట్లు, గడ్డిటోపీ. ఇంకొంచెం వెనుకగా, గడ్డిటోపీ పెట్టుకొని ముడుచుకు కూర్చున్న మరొకడు. నీళ్ళలో నిలబడ్డవారిలో కుడివైపు చివరనున్న ఎర్రటోపీ పిల్లవాడు రెండు చేతులూ నోటిదగ్గర చేర్చి కుడివైపుకు ఎవరినో కేకవేస్తున్నాడు. నది మీద తెరచాప పడవలు. దూరంగా నదికి అడ్డంగా వంతెన, ఆ వెనుక క్లిషీ పట్టణపు కర్మాగారాల పొగగొట్టాలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒక్క ముఖమూ మనవైపు తిరిగి లేదు. దాదాపు అందరి చూపూ కుడివైపుకే, చిత్రపు చట్రం అవతలికే సాగుతుంది.

ఇక పేరు సంగతి. బెన్యాద్ అన్న ఫ్రెంచి మాటకు నీళ్ళలో దిగడమనీ, అలా దిగే చోటనీ రెండర్థాలున్నాయి. ఆంగ్లంలో ఈ చిత్రం పేరు ‘బేదర్స్ ఎట్ అన్యేర్’ అని స్థిరపడింది. పనినీ చోటునూ చెప్పే మాట ఆ విధంగా మనుషులను చెప్పే మాటగా మారిపోయింది. తెలుగులోకి తేబోతే చిక్కు మరొక రకంగా ఎదురవుతుంది. స్నానమంటే మనకు శుభ్రత, మడి, పుణ్యం గుర్తుకొస్తాయి. ఈ చిత్రంలో ఒళ్ళు రుద్దుకునేవాడు ఒక్కడూ లేడు. ఈత అందామంటే ఈదుతున్నవాడూ లేడు. జలక్రీడ అంటే ప్రబంధ నాయికానాయకులు కళ్ళముందు నిలుస్తారు. నాకు దగ్గరగా తోచిన మాట ‘రేవు’. మన ఊళ్ళలో రేవంటే మనుషులు నీళ్ళలోకి దిగే చోటు, గొడ్లను కడిగే చోటు, బట్టలు ఉతికే చోటు, పడవ ఎక్కే చోటు. సేన్ నది మీద అన్యేర్‌కూ, దాని పొరుగున ఉన్న కూర్బవ్వా అనే ఊరికీ మధ్యనున్న ఈ ఒడ్డు కూడా అటువంటి చోటే. ఈ మాటతో మనకు ముందుముందు పని ఉంది.

* * *

జలక్రీడ ప్రసక్తి వచ్చింది కనుక ఒక మాట. కావ్యంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో మన ఆలంకారికులు జలక్రీడను కూడా చేర్చారు. కవి ఎవరైనా, కథ ఏదైనా, ఆ వర్ణన ఉండవలసిందే. ఐరోపా చిత్రకళలో స్నానదృశ్యానికి ఇంచుమించు అటువంటి స్థానమే ఉండేది. రోమను పురాణంలోని డయానా దేవి, బైబిలు కథలోని సుజానా అందుకు సిద్ధంగా ఉన్న సాకులు. టిషియన్ 1556–59 మధ్య గీసిన ‘డయానా, ఆక్టియన్’ ఈ సంప్రదాయానికి శిఖరం. నీరు, చెట్లు, నగ్నంగా ఉన్న స్త్రీలు, చాటునుంచి చూసే పురుషుడు దాని సామగ్రి. 1853లో గుస్తావ్ కూర్బే తన ‘స్నానం చేసే స్త్రీల’ను దేవతలుగా కాక కండపట్టిన మామూలు ఆడవాళ్ళుగా గీసి పారిస్ వార్షిక ప్రదర్శన అయిన సలోన్‌లో దుమారం లేపాడు. 1869లో ఫ్రెడరిక్ బాజిల్ ‘వేసవి దృశ్యం’లో స్త్రీలకు బదులు ఈతబట్టలు వేసుకున్న యువకులను పెట్టాడు. అది 1870 సలోన్‌లో ప్రదర్శితమయింది.

సెరా ఈ వరుసలో తరువాతివాడు. కాని ఆయన చేసినదాంట్లో రెండు విశేషాలున్నాయి. మొదటిది, ఈ దృశ్యంలోని మనుషులు కథలోని వారు కారు, ఉన్నవారింటి యువకులుగానూ కనిపించరు. రెండవది కొలత. ఈ కాన్వాసు ఎత్తు సుమారు 2 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. ఆనాటి ఫ్రెంచి సంప్రదాయంలో ఇంత పెద్ద కాన్వాసు యుద్ధాలకు, పట్టాభిషేకాలకు, పురాణఘట్టాలకు చెల్లేది. నిత్యజీవిత దృశ్యాలను చిన్న పరిమాణంలో గీయడమే మర్యాద. సెరా ఈ మర్యాద తెలియనివాడు కాడు. 1878లో ప్రభుత్వ కళాశాల అయిన ఎకోల్ దె బోజార్‌లో చేరి, మహాచిత్రకారుడు ఆంగ్ర్ శిష్యుడైన హెన్రీ లేమాన్ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. ప్రాచీన శిల్పాల ఆకృతులను చూసి రేఖలు దిద్దాడు. గోడచిత్రాలలో నిశ్చలమైన ఆదర్శలోకాలను చిత్రించిన ప్యూవీ ద శవాన్ అంటే ఆ తరంవారికి గౌరవం. ప్యూవీ గీసిన ‘మధురదేశం’ అనే చిత్రం 1882 సలోన్‌లో వచ్చింది. అందులోనూ నీటి ఒడ్డున తీరుబడిగా ఉన్న మనుషులే. అయితే వారు కాలం లేని దేశంలో ఉన్నారు. సెరా మనుషులు మాత్రం రైలు వంతెన కనుచూపు మేరలో ఉన్నారు.

1884 సలోన్ న్యాయనిర్ణేతలు ఈ చిత్రాన్ని తిరస్కరించారు. ఆ ఏడు తిరస్కృతులైన చిత్రకారులు కొందరు తమలో తాము కూడి, న్యాయనిర్ణేతలు లేని ప్రదర్శనను మే నెలలో త్విలరీ ప్రాంగణంలో ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ కూడా ఈ కాన్వాసుకు దక్కింది పానీయాలు అమ్మే గది గోడ. అయితే ఆ ప్రదర్శనలోనే పాల్ సిన్యాక్ అనే యువచిత్రకారుడు దీన్ని చూశాడు. సెరాతో ఆయన స్నేహం అక్కడే మొదలయింది. తరువాత ‘నవ్య ఇంప్రెషనిజం’ అని పేరుపొందిన మార్గానికి ఆ పరిచయమే తొలి అడుగు.

* * *

ఇప్పుడు నది దగ్గరకు వెళ్దాం. ప్రకృతి ఒడి అన్న మాట ఇక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

పారిస్‌నుంచి సాఁ-జెర్మాఁకు 1837లో వేసిన రైలుమార్గం అన్యేర్ దగ్గరే సేన్ నదిని దాటుతుంది. ఆ రైలు వచ్చాక అన్యేర్ నగరవాసుల విహారస్థలమయింది. పడవపందేలు, నాట్యశాలలు, భోజనశాలలు వెలిశాయి. ఎదుటి గట్టున క్లిషీలో కర్మాగారాలు పెరిగాయి. చిత్రంలో వంతెన వెనుక కనబడే పొగగొట్టాలు వాటివే. కాబట్టి ఈ ఒడ్డు పల్లెటూరు కాదు, నగరమూ కాదు. ఒకే రైలు ఒకరిని విహారానికి, మరొకరిని పనికి చేరవేసే చోటు.

చిత్రంలో కనబడనిది మరొకటి ఉంది. నెపోలియన్ 3 కాలంలో ఓస్మన్ పారిస్ నగరాన్ని తిరగగట్టినప్పుడు ఇంజనీరు యూజీన్ బెల్గ్రాన్ భూగర్భ మురుగుకాలువల వ్యవస్థను రూపొందించాడు. దానిలోని ప్రధాన కాలువ నగరపు మురుగును క్లిషీ వద్ద, అన్యేర్ వంతెనకు కొద్ది దిగువన, సేన్‌లోకి వదిలేది. నగరం లోపల నది తేటపడింది, శివారులో నల్లబడింది. 1880 వేసవిలో పారిస్‌ను ముంచెత్తిన దుర్గంధం పత్రికలలో పెద్ద వివాదమయింది. సెరా ఈ రేవు దగ్గర రంగులు కలపడానికి మూడునాలుగేళ్ళ ముందటి మాట ఇది.

దీన్ని పట్టుకొని, సెరా నీలాకాశపు రంగు పూసి మురికిని దాచాడని అనడం తేలిక. కాని భూగోళం కొంచెం నిదానించమంటుంది. చిత్రకారుడు నిలబడింది ఎడమగట్టున, చూస్తున్నది నది పారే దిక్కుకు. వంతెన ఆయనకు దిగువన ఉంది, మురుగుకాలువ నోరు వంతెనకూ దిగువన. అంటే ఈ పిల్లలు దిగిన నీళ్ళలో ఇంకా ఆ మురుగు కలవలేదు. వాళ్ళు రేవును తెలిసే ఎంచుకున్నారు కాబోలు. చిత్రంలో నీరు ఎంత శుభ్రంగా ఉన్నా, దాని శుభ్రతకు పొలిమేర ఆ కనబడుతున్న వంతెన దగ్గరే ఉందన్నమాట. చరిత్రకారుడికి చిత్రం ఇచ్చే సాక్ష్యం ఇలా ఉంటుంది. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పదు, ఎక్కడ నిలబడి చూడాలో మాత్రం చూపుతుంది.

* * *

ఈ పెద్ద కాన్వాసుకు ముందు సెరా చేసిన చిన్న చిత్తులు పదికి పైగా మిగిలాయి. చేతిలో ఇమిడే చెక్కపలకల మీద, నది ఒడ్డునే నిలబడి, తడి రంగులతో గబగబా వేసినవి అవి. నా దృష్టిలో ఈ చిత్రానికి అసలైన వ్యాఖ్యానం ఆ పలకలలో ఉంది. ఏవి చేర్చాడో పూర్తయిన చిత్రం చెబుతుంది. ఏవి తీసేశాడో అవి చెబుతాయి.

ఒక పలకమీద ఇంద్రధనుస్సు ఉంది. పెద్ద చిత్రంలో లేదు. వాతావరణపు తళుకు, క్షణికమైన అందం ఆయనకు అక్కరలేకపోయాయి. ఇంప్రెషనిస్టులైతే వదిలిపెట్టేవారు కారు. మరికొన్ని పలకలమీద నీళ్ళలో గుర్రాలు ఉన్నాయి. ఒకదానిలో నల్లగుర్రం, తెల్లగుర్రం పక్కపక్కన నిలబడ్డాయి. పైన నేను చెప్పిన ‘రేవు’ అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. ఇది గుర్రాలు దిగే రేవు కూడా. బండిలాగి అలసిన జంతువును నీళ్ళకు తోలుకురావడం ఒకరి పని. ఆ గుర్రాలు ఉన్నంతవరకు ఆ దృశ్యంలో పని ఉంది. పెద్ద కాన్వాసులో సెరా వాటిని పూర్తిగా తొలగించాడు. ముందుగట్టున ఒక కుక్క మాత్రం మిగిలింది. అది ఏ పనీ చేయడం లేదు.

ఈ తొలగింపు నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. గట్టుమీద పని అనేది లేకుండా చేసిన చిత్రకారుడు, దూరాన పని జరిగే చోటును మాత్రం ఉంచాడు. పొగగొట్టాలలో నుంచి పొగ లేస్తోంది. చిన్న ముద్రణలలో అది మేఘపు మరకలా కలిసిపోతుంది. పెద్ద ప్రతిలో, కంప్యూటరు తెరమీద పెంచి చూసినా, స్పష్టంగా తెలుస్తుంది.

పొగ లేస్తోందంటే కర్మాగారం నడుస్తోంది. కర్మాగారం నడుస్తుండగా వీళ్ళు ఇక్కడ ఎందుకున్నారు? ఇది ఏ వారం?

రెండేళ్ళ తరువాత పూర్తిచేసిన తన మరొక మహాచిత్రానికి సెరా పేరులోనే ఆదివారం అని పెట్టాడు. అది ‘గ్రాంద్ జాత్ దీవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం’. ఈ చిత్రం పేరులో వారం లేదు. ఫ్రాన్సులోని వృత్తిపనివారిలో సోమవారం పనికి డుమ్మాకొట్టే పాత ఆచారం ఒకటి ఉండేది. ‘పుణ్య సోమవారం’ అని వేళాకోళంగా దానికి పేరు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కర్మాగారపు గంట ఆ ఆచారాన్ని చాలావరకు మింగేసింది. అయితే పొగ కనబడినంత మాత్రాన ఇది సోమవారమేనని తీర్మానించలేం. ఇంధనవాయువు తయారీ వంటి పరిశ్రమలలో కొలిమి ఆదివారమూ ఆరదు. వాటిలో పనిచేసేవారికి వంతులవారీ తీరుబడే గతి. 1882 జనవరిలో యూనియన్ జెనరాల్ బ్యాంకు కుప్పకూలిన తరువాత ఫ్రాన్సులో వ్యాపారాలు మందగించాయి. పని దొరకని వాడికి ప్రతిరోజూ తీరుబడే, దాన్ని సెలవు అనం.

వారమేదో చెప్పలేని ఈ స్థితి వెనుక చట్టం కథ ఉంది. రాచరికం తిరిగివచ్చిన 1814లో ఆదివారం పని నిలిపివేయాలని ఒక శాసనం చేశారు. అది చర్చి మాటను చట్టంగా మార్చినది. అమలు అంతంతమాత్రం. చర్చి పెత్తనాన్ని రాజ్యం నుంచి తొలగించాలన్న పట్టుదలతో గణతంత్రవాదులు 1880 జూలైలో ఆ శాసనాన్ని రద్దుచేశారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. దాని ఫలితం మాత్రం వేరొకటి అయింది: వయోజనుడైన కార్మికుడికి వారంలో ఒక్క రోజైనా విశ్రాంతి ఇవ్వాలనే చట్టం దేశంలో లేకుండా పోయింది. 1874 నాటి బాలకార్మిక చట్టం పదహారేళ్ళలోపు మగపిల్లలను ఆదివారం పనిలో పెట్టరాదంది, అదీ మినహాయింపులతోనే. 1848 నాటి చట్టం రోజుకు పన్నెండు గంటల పనిని హద్దుగా పెట్టింది. ఇక కార్మిక సంఘాలు చట్టబద్ధమయింది 1884 మార్చి 21న. సెరా ఈ కాన్వాసును సలోన్ వాకిట పెట్టిన వసంతంలోనే.

అంటే ఈ చిత్రం పుట్టినవేళకు ఫ్రాన్సులో కార్మికుడి విశ్రాంతి పాతగుడి నీడనుంచి బయటికి వచ్చింది, కొత్త చట్టపు నీడలోకి ఇంకా వెళ్ళలేదు. అది యజమాని దయ, కొలిమి వంతు, తన తెగింపు, లేదా పని దొరకకపోవడం. ఈ గట్టుమీది మనుషుల తీరుబడి ఏ జాతికి చెందినదో మనకు తెలియకపోవడానికి కారణం చిత్రకారుడి అస్పష్టత కాదు. ఆ కాలంలోనే అది తేలలేదు.

* * *

‘కార్మికులు’ అన్న మాట వాడుతూ వచ్చాను. దానికీ కొంత జాగ్రత్త కావాలి. వారి బట్టలు చూస్తే నిరుపేదలనిపించదు. గుండ్రటి టోపీని ఆ రోజుల్లో గుమాస్తా పెట్టుకునేవాడు, పనివాడు పండుగపూట పెట్టుకునేవాడు. కొట్లలో పనిచేసే కుర్రాళ్ళు, చేతివృత్తులవారు, కర్మాగారపు పనివాళ్ళు, ఎవరైనా కావచ్చు. పొట్టకోసం మరొకరి గడియారాన్ని చూసుకొని బతికేవారు అన్నంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు. సెరా స్వయంగా ఆ తరగతివాడు కాడు. తండ్రి న్యాయస్థానపు ఉద్యోగి, కలిగిన కుటుంబం. బొమ్మలు అమ్ముకొని బతకవలసిన అవసరం ఆయనకు రాలేదు.

ఒంటరితనం మాటకొస్తే, దానికి పనిపద్ధతిలోనే ఒక కారణం ఉంది. గట్టుమీద దృశ్యాన్ని చిన్నపలకలమీద పట్టుకున్నాక, సెరా ఒక్కొక్క మనిషిని విడిగా చిత్రశాలలో నమూనా వ్యక్తిని కూర్చోబెట్టి, గరుకు కాగితం మీద కాంతే అనే నల్లని గట్టి సుద్దతో గీసుకున్నాడు. ఆ చిత్తులలో రేఖ దాదాపు కనబడదు. కాగితపు గరుకుమీద నలుపు చిక్కగానో పలచగానో నిలిచి, చీకటి వెలుతురుల మధ్యనుంచి మనిషి రూపం తేలుతుంది. ఇలా విడివిడిగా పుట్టినవారిని తరువాత ఒక్క గట్టుమీదికి చేర్చాడు. కనుక వారు ఒకరినొకరు చూసుకోకపోవడం సమాజంమీద తీర్పు అని వెంటనే అనడానికి లేదు.

రంగుల శాస్త్రం కూడా వారిని విడదీసింది. గోబ్లాఁ వస్త్రశాలలో అద్దకాల విభాగాన్ని చూసిన రసాయనశాస్త్రవేత్త షెవ్రల్ 1839లో ఒక గ్రంథం ప్రకటించాడు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదానినొకటి మార్చి చూపుతాయని, ఎరుపు పక్కన పచ్చ మరింత పచ్చగా కనబడుతుందని ఆయన సూత్రం. సెరా దాన్ని శ్రద్ధగా చదివాడు. ఈ చిత్రంలో వెలుగుపడిన వీపు పక్కన నీరు కొంచెం ముదురుగా, నీడపడిన భాగం పక్కన నీరు కొంచెం తేటగా ఉంటుంది. ప్రతి శరీరం చుట్టూ సన్నని కాంతివలయం ఏర్పడింది. దేవతామూర్తుల వెనుక చిత్రకారులు పెట్టే వెలుగును ఈయన కంటి ధర్మాన్ని అనుసరించి పొట్టపోసుకునేవాడి వీపుకు చేర్చాడనిపిస్తుంది. సెరా పేరు వినగానే గుర్తుకొచ్చే చుక్కల పద్ధతి మాత్రం దీనిలో మొదట లేదు. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ కుంచె పట్టి, కేకవేసే పిల్లవాడి టోపీ వంటి చోట్ల నారింజ, నీలం చుక్కలు చేర్చాడు.

ఇలా చూసినప్పుడు ఒంటరితనమని కొందరు అంటున్నది నాకు మరొక విధంగా కనబడుతుంది. వారంలో ఎక్కువ గంటలు పక్కవాడి మోచేతికి మోచేయి తగులుతూ, ఒకే గంటకు లేచి ఒకే గంటకు వంగేవాడికి, ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు కూర్చోగలగడం లోటు కాదేమో. ఆ వంగిన వీపులో అలసట ఉంది, శోకం కనబడదు. సెరా వారిని నవ్వించలేదు, ఆడించలేదు, పక్కవాడి భుజంమీద చెయ్యి వేయించలేదు. తీరుబడిని వేడుకగా చూపి మనల్ని మెప్పించే పనికి వారిని పెట్టలేదు. దొరికిన పూటను వారికే వదిలిపెట్టాడు. యుద్ధానికీ పట్టాభిషేకానికీ చెల్లే కొలతలో ఏమీ చేయకపోవడాన్ని గీశాడు.

ఇక కుడివైపుకు సాగే ఆ చూపులు. ఆ దిక్కున నది మధ్యలో గ్రాంద్ జాత్ దీవి ఉంది. చిత్రపు కుడి అంచున కనబడే చెట్లు దానివే. ఎత్తుటోపీ పెట్టుకున్న దొర, గొడుగు పట్టుకున్న దొరసాని ఒక చిన్నపడవలో కూర్చున్నారు, పడవవాడు వారిని దాటిస్తున్నాడు, పడవకు మూడురంగుల జాతీయపతాకం ఉంది. మొత్తం చిత్రంలో పనిచేస్తూ కనబడేది బహుశా ఆ పడవవాడొక్కడే. 1884 మే నెల మధ్యలో ఈ చిత్రం ప్రదర్శనకు వెళ్ళింది. ఆ నెలలోనే సెరా దీవిమీది చిత్రాన్ని మొదలుపెట్టాడు. రెండు కాన్వాసుల కొలతలూ ఇంచుమించు సమానం. ఇప్పుడు షికాగోలో ఉన్న ఆ చిత్రంలో గొడుగులు, బిగించిన నడుములు, కోతి, కుక్కలు, నీడలో బిగుసుకొని నిలబడిన ఆదివారపు జనం. కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ దాన్ని ఆదర్శలోకానికి వ్యతిరేకమైన రూపకంగా వ్యాఖ్యానించింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ దీవివారు సెలవును కూడా ఒక విధిగా నిర్వర్తిస్తున్నట్టు నాకు తోస్తుంది. ఈ గట్టువారికి ఆ బాధ్యత లేదు. పిల్లవాడి కేక దీవికి చేరిందా లేదా అన్నది చెప్పడానికి రెండో చిత్రంలో ఏ ఆధారమూ లేదు. అక్కడ ఎవరూ చెవి ఒగ్గినట్టు కనబడరు.

* * *

చిత్రం తరువాతి ప్రయాణం క్లుప్తంగా చెబుతాను. 1886లో ద్యురాన్-ర్యూఎల్ అనే వ్యాపారి దీన్ని న్యూయార్కుకు తీసుకువెళ్ళి ఇంప్రెషనిస్టుల చిత్రాలతోపాటు ప్రదర్శించాడు. 1891 మార్చిలో సెరా ముప్ఫైయొక్క ఏళ్ళకే మరణించాడు. 1924లో ఈ చిత్రం బ్రిటిషు ప్రజల సొత్తయింది. కొనుగోలుకు సొమ్ము ఇచ్చింది శామ్యూల్ కోర్టోల్డ్ ఏర్పరచిన 50,000 పౌన్ల నిధి. ఆయన కృత్రిమ పట్టు తయారుచేసే మిల్లుల అధిపతి. పొగగొట్టాలకు ఇవతలి గట్టుమీది తీరుబడిని చూపే బొమ్మ, పొగగొట్టాల ఆర్జనతోనే ఒక జాతికి దక్కింది. దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. కార్మికుడి విశ్రాంతి చరిత్ర ఇటువంటి ముడులతోనే నిండి ఉంది. కొంతకాలం టేట్ గ్యాలరీలో ఉండి, 1961లో ఇది నేషనల్ గ్యాలరీకి చేరింది.

నది కథ కూడా కొంత మారింది. పారిస్‌లో సేన్ నదిలో దిగడాన్ని 1923లో నిషేధించారు. వంద సంవత్సరాలకు పైగా గడిచాక, 2024 ఒలింపిక్ క్రీడలకోసం నదిని బాగుచేసే పనులు జరిగి, 2025 జూలై 5న నగరంలో మూడు రేవులను జనం కోసం తెరిచారు. ఆ వార్తలతోపాటు వచ్చిన ఛాయాచిత్రాలలో నీళ్ళలోని జనం నవ్వుతూ, చేతులూపుతూ మనవైపే చూస్తున్నారు. సెరా గట్టుమీది వారి మౌనం అప్పుడు నాకు మరింత బాగా వినబడింది.

చట్టం సంగతి చివరికి ఉంచాను. వారానికి ఒక రోజు విశ్రాంతి ఫ్రాన్సులో తప్పనిసరి అయింది 1906 జూలై 13న. జీతంతో కూడిన పదిహేను రోజుల సెలవు, వారానికి నలభై గంటల పని అనేవి 1936 జూన్‌లో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం తెచ్చిన చట్టాలు. చిత్రం నడుమ వీపు వంచి కూర్చున్న కుర్రవాడికి 1884లో పద్నాలుగేళ్ళు అనుకుందాం. వారపు సెలవు అతనికి హక్కుగా దక్కేసరికి ముప్ఫైయారేళ్ళు. జీతంతో సెలవు వచ్చేసరికి, బతికి ఉంటే, అరవైయారు. ఈ లెక్క తెలిసిన తరువాత ఆ బొమ్మను చూస్తే, అతను విప్పి పెట్టిన బూట్లమీదికి నా చూపు మళ్ళీ మళ్ళీ పోతుంది. అవి చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.